డెస్క్‌టాప్ తెరుచుకోనప్పుడు: మౌఖిక సాహిత్య దత్తాంశ పరిరక్షణ

మన్యంలో మౌఖిక సాహిత్యం సేకరించే పరిశోధకునికి ప్రథమ ఆకరం మనిషి గొంతు. అల్లూరి సీతారామరాజు పట్టుబడిన మంప, 1924 మే 7న కాల్పులకు బలైన కొయ్యూరు వంటి చోట్ల సేకరించిన పాటకు, కథనానికి రెండవ ప్రతి ఉండదు. పాడిన వృద్ధురాలు మరుసటి సంవత్సరం ఉండకపోవచ్చు. అటువంటి ధ్వని ఫైళ్లున్న కంప్యూటరు ఒకనాడు డెస్క్‌టాప్ చూపకుండా నల్లతెర వద్ద ఆగిపోతే, వెంటనే వినిపించే సలహా “ఫార్మాట్ చేయించండి” అన్నదే. ఉబుంటు, డెబియన్ వంటి లినక్స్ వ్యవస్థల విషయంలో ఈ సలహా తరచుగా అనవసరం, ఎప్పుడూ ప్రమాదకరం. అది ఎందుకో వివరించడమే ఈ వ్యాసోద్దేశం.

లినక్స్‌లో డెస్క్‌టాప్ అనేది వ్యవస్థకు మూలం కాదు, దానిపై నిలిచే చివరి అంతస్తు. ముందు కెర్నల్ లేస్తుంది. డిస్కులోని ఫైళ్లు అందుబాటులోకి వస్తాయి. ఆ తరువాతే తెరను గీసే ఎక్స్ లేదా వేలాండ్, లాగిన్ తెర, వాడుకరి సెషన్ వరుసగా మొదలవుతాయి. పై అంతస్తు కూలినంత మాత్రాన కింది గదిలోని తాళపత్రాలు కాలిపోవు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలను కలిపి నొక్కితే సాధారణంగా అక్షరాలు మాత్రమే ఉండే కన్సోల్ తెరుచుకుంటుంది. అక్కడ లాగిన్ కాగలిగితే కెర్నల్, డిస్కు పనిచేస్తున్నట్లే.

అయితే తెలుగు పరిశోధకుడు అసలు భయపడేది ఇక్కడే. కన్సోల్‌లో ఫైళ్ల పట్టిక చూస్తే తెలుగు పేర్ల స్థానంలో గళ్లో, ప్రశ్నార్థకాలో కనిపిస్తాయి. ఫైళ్లు చెడిపోయాయన్న నిర్ణయానికి రావడం సహజం, కాని పొరపాటు. ఈ కన్సోల్ ఫాంటులో గరిష్ఠంగా 512 ఆకృతులకే చోటు. గుణింతాలను, ఒత్తులను కూర్చే ఏర్పాటు అసలే లేదు. డిస్కులో పేరు యూనికోడ్ సంకేతాలుగా యథాతథంగా ఉంది. దానిని చదివి చూపగల కన్ను మాత్రమే కన్సోల్‌కు లేదు. మన లిపిని పట్టించుకోని ఈ పరిమితిని దత్తాంశ నష్టంగా భ్రమించి ఎందరు డిస్కులు తుడిపించుకున్నారో!

పాస్‌వర్డు సరిగా ఇచ్చినా తెర ఒక్కసారి మెరిసి మళ్లీ లాగిన్ వద్దకే వస్తుంటే, మొదట అనుమానించవలసింది డిస్కు నిండిపోవడాన్ని. సీడీ నాణ్యతలో, కుదించకుండా భద్రపరచిన ఒక గంట స్టీరియో ధ్వని సుమారు 635 మెగాబైట్లు. పది గంటల పాటలంటే ఆరు గిగాబైట్లు దాటినట్లే. సెషన్ మొదలయ్యేటప్పుడు వాడుకరి ఫోల్డరులో చిన్న ఫైళ్లు రాయాలి; చోటు లేక అది విఫలమవుతుంది. సాధారణంగా ఎక్స్‌ట్4 ఫైలు వ్యవస్థ 5 శాతం స్థలాన్ని రూట్‌కు విడిగా ఉంచుతుంది కనుక వ్యవస్థ లేస్తుంది, డెస్క్‌టాప్ లేవదు. కన్సోల్‌లో డీఎఫ్ ఆదేశమిస్తే ఈ సంగతి తెలుస్తుంది. చోటు ఉన్నా ఇదే లక్షణం కనిపిస్తే, ఫోల్డరులోని ఎక్స్‌అథారిటీ అనే దాగిన ఫైలు యాజమాన్యం రూట్ పేరిట మారిందేమో చూడాలి.

లాగిన్ తెరే రాకపోతే కారణం వేరు. కెర్నల్ నవీకరణ తరువాత గ్రాఫిక్స్ డ్రైవరు దానితో పొసగకపోవడం తరచు జరిగేది. గ్రబ్ పట్టికలో పాత కెర్నల్‌ను ఎంచుకొని చూడవచ్చు. జర్నల్‌సీటీఎల్ ఆదేశం ఏ మెట్టు వద్ద ఏ దోషం వచ్చిందో చెబుతుంది.

మరమ్మతుకు ముందు ప్రతి తీయడం ఉత్తమం. లైవ్ పెన్‌డ్రైవుతో కంప్యూటరును లేపి, “ఇన్‌స్టాల్” కాక “ట్రై” ఎంచుకుంటే, పెన్‌డ్రైవులోని డెస్క్‌టాప్‌పైనే పాత డిస్కును తెరవవచ్చు. డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే దాని పాస్‌వర్డు కావాలి. తెలుగు ఫాంటు ఉన్న ఆ తెరపై గళ్లన్నీ తిరిగి పాటల పేర్లవుతాయి. వాటిని ముందు మరొక డిస్కులోకి చేర్చి, ఒకటి రెండు ఫైళ్లను వినిపించి చూసిన తరువాతనే మరమ్మతు మొదలుపెట్టాలి.