గాజుతొట్టికి తగిన చేపలు

చిన్న గాజుతొట్టిలో చేపలను పెంచవలెనను కోరిక బాలబాలికలలో పెక్కుమందికి కలుగును. తొట్టిని కొనుట సులభము. చేపలను కొనుట అంతకంటెను సులభము. అంగడిలో వరుసగా అమర్చిన తొట్లలో ఎఱ్ఱనివి, నల్లనివి, చారలు గలవి, విసనకఱ్ఱవలె తోక విచ్చుకొనునవి కానవచ్చును. కంటికి నచ్చినవానినెల్ల చూపి, సంచిలో పోయించుకొని వచ్చువారే హెచ్చు. వారము తిరుగకమునుపే ఒక చేప వెల్లకిల తేలును, మఱునాడు మఱియొకటి. "మా యింట చేపలు బ్రదుకవు" అని పెద్దలు తొట్టిని అటకమీదికి చేర్చుదురు. ఆ చేపలకు వచ్చిన చావునకు ఇంటితో సంబంధము లేదు. అది చాలవఱకు కొన్ననాడే నిశ్చయమైనది.

చెఱువులోని చేపకును, తొట్టిలోని చేపకును గల భేదమును మొదట గ్రహింపవలెను. చేప నీటిలో కరగియున్న ప్రాణవాయువును మొప్పలతో గ్రహించును. ఆ వాయువు ముఖ్యముగా గాలి సోకు పైభాగమునుండి నీటిలో చేరును. కావున ఎత్తుగా, ఇఱుకుగా నుండు తొట్టికంటె పొడవుగా, వెడల్పుగా నుండునది మేలు. గుండ్రని గాజుపాత్ర చూచుటకు సొగసుగా నుండునే గాని, మూతివఱకు నింపినచో దానిలో గాలి తగులు భాగము అరచేతియంత మాత్రమే.

అంతకంటె పెద్ద చిక్కు మఱియొకటి కలదు. చేపలు విసర్జించు అమ్మోనియా విషము. చెఱువులో అది విస్తారమైన నీటిలో కలిసిపోవును. తొట్టిలో పోవుటకు చోటు లేదు. ఇసుకలోను, రాళ్లమీదను పెరుగు సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగను, పిమ్మట అంతగా హాని చేయని నైట్రేటుగను మార్చును. అవి తగినంత పెరుగుటకు కొన్ని వారములు పట్టును. క్రొత్త తొట్టిలో ఒక్కనాడే డజను చేపలను వదలుట వానికి విషము పెట్టుటతో సమానము. ఒకటి రెండింటితో ఆరంభించి, వారము వారము కొంత నీరు మార్చుచు, మెల్లగా సంఖ్యను పెంచవలెను.

ఈ విషయములు శాస్త్రజ్ఞులకును ఒక్కమాఱు తెలియలేదు. లండనులో రాబర్టు వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడు 12 గ్యాలనులు పట్టు గాజుపాత్రను సగమువఱకు నీటితో నింపి, రెండు చిన్న బంగారు చేపలను, ఒక నీటిమొక్కను ఉంచెను. రాలిన ఆకులు క్రుళ్లి నీరు చెడసాగెను. అపుడతడు నీటినత్తలను తెచ్చి విడువగా అవి క్రుళ్లిన ఆకులను తినివేసెను, నీరు తేటపడెను. 1850లో అతడీ ప్రయోగమును ప్రకటించెను. అంత పాత్రకు రెండే చేపలు చాలునని అతడు తలంచుట గమనింపదగినది.

చేపను కొనునపుడు మొదట అడుగవలసినది, అది పెరిగినచో ఎంత యగునని. అంగడిలో నున్నవి తఱచుగా పిల్లలే. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టిలో ఇసుక, రాళ్లు పోగా ఇంచుమించు 45 లీటర్ల నీరు పట్టును. అందఱును కోరు గోల్డుఫిష్ అను బంగారు చేప దీనికి తగదు. సుమారు వెయ్యి యేండ్ల క్రిందట చీనాలో కొలనులయందు పెంచబడిన చేప యిది. తగిన తావు దొరికినచో 20 సెంటీమీటర్లకు మించి పెరుగును; మిక్కిలిగా తిని, మిక్కిలిగా విసర్జించును. ఇంగ్లండులో 1956లో ఒక ఉత్సవమున బహుమానముగా లభించిన 'టిష్' అను బంగారు చేప 1999 వఱకు, అనగా 43 ఏండ్లు, జీవించెను. కావున గుండ్రని పాత్రలో కొన్ని నెలలకే చచ్చువానికి అల్పాయుర్దాయము జాతిగుణము కాదు. పొలముకాలువలో దొరికిన కొర్రమీను పిల్లయు ఇట్టిదే. అది మూరెడు పొడవునకు మించి పెరుగుటయే గాక తోడి చేపలను మ్రింగివేయును.

అద్దమునకు నోటిని అంటించి పాచిని తిను సకర్ చేపను తొట్టి శుభ్రమగునని చెప్పి అమ్ముదురు. దక్షిణ అమెరికా నదులకు చెందిన ఈ చేప అడుగు పొడవు దాటి పెరుగును. తొట్టిలో పట్టనపుడు కొందఱు దానిని చెఱువులలో వదలిరి. దాని యొడలినిండ గట్టి పలకలుండుటచే దానిని తినగల చేపలు తక్కువ. గట్లలో బొఱియలు త్రవ్వుచు, వలలను పాడుచేయుచు అది ఆంధ్ర, తెలంగాణ జలాశయములలో వ్యాపించినది. జాలరులు దానిని దెయ్యపు చేప అందురు. చెఱువులో వదలినవాడు జాలిచేతనే వదలియుండవచ్చును. నష్టము మాత్రము వలవేసి బ్రదుకువానికి కలిగినది.

పిమ్మట నీటిని చూడవలెను. తెలుగునాట అనేక గ్రామములలో బోరునీరు కాచిన పాత్రకు తెల్లని పొర కట్టును. అది సున్నపు లవణములు హెచ్చుగా గల నీరు. అమెజాన్ ప్రాంతపు మెత్తని నీటిలో పుట్టిన నియాన్ టెట్రా దానిలో సుఖింపదు. గప్పీకి అది చక్కగా సరిపడును. ఐతే ఆడ గప్పీ ఇంచుమించు నెలకొకమాఱు పదుల సంఖ్యలో పిల్లలను కనును. మగచేపనుండి వేఱుచేసినను కొన్ని నెలలు కనుచునే యుండును. కనుక మగవానిని మాత్రమే పెంచుట తెలివి. రంగులు వానికే అధికము. కుళాయినీటిలో క్లోరిను కలిపియున్నచో ఆ నీటిని వెడల్పు పాత్రలో ఒక దినము నిలువయుంచి వాడవలెను.

సహవాసమును చూడవలెను. థాయిలాండు మొదలగు దేశములకు చెందిన ఫైటర్ చేపలలో రెండు మగవి ఒక తొట్టిలో నుండలేవు. ఒక్క చేపతో తృప్తిపడువారికి అది తగును. నీటిపైకి వచ్చి గాలిని పీల్చగలదు గనుక అంగళ్లలో చిన్న సీసాలలో నిలుపుదురు; అది ప్రాణము నిలుచుటకే గాని సుఖమునకు చాలదు.

పై విషయములన్నియు చూచినపుడు జీబ్రా చేప ముందు నిలుచును. గంగా, బ్రహ్మపుత్రా ప్రాంతముల మెల్లని కాలువలలోను, వరిమళ్లలోను నివసించు ఈ స్వదేశపు చేప నాలుగు సెంటీమీటర్లకు మించదు. వేడిమిని, చలిని కొంతవఱకు ఓర్చును. ఒంటరిగా నుంచినచో బెదరును. ఆఱేడు కలిసియున్నచో నీలిచారలు మెఱయ గుంపుగా పరుగులిడును. అది ఎగిరి బయటపడగలదు గావున తొట్టికి మూత అవసరము.

చేపలను తెచ్చిననాడు సంచిని విప్పక పావుగంటసేపు తొట్టినీటిపై తేలనిచ్చి, పిమ్మట వానిని విడువవలెను. మేత రెండు మూడు నిమిషములలో తినునంత చాలును. కుదురుకొన్న జీబ్రా చేపలు తెల్లవాఱు వెలుతురు సోకగానే గ్రుడ్లు పెట్టును. దొరికినచో తామే తినివేయును. అడుగున గోలీలు పఱచినచో గ్రుడ్లు వాని సందులలోనికి జారి దక్కును. గ్రుడ్డు గాజువలె పారదర్శకము. ఒకటిన్నర దినమునకే భూతద్దముతో చూచినచో లోపలి పిల్ల గుండె కొట్టుకొనుట కనబడును. ఈ గుణముచేతనే హైదరాబాదులోని సి.సి.యం.బి. వంటి పరిశోధనశాలలలో శాస్త్రజ్ఞులు ఈ చేపను పెంచుచున్నారు. రెండు మూడు దినములకు పిల్ల పొరను చీల్చుకొని వెలువడి, నీటిమొక్క ఆకునకు అంటుకొని కదలక వ్రేలాడును.