శంకువు నొక్కితే ఎందుకు పలకదు?

సికింద్రాబాద్‌లో ల్యాప్‌టాప్ మొండికేస్తే చాలామంది అడుగులు పార్క్‌లేన్ వైపే పడతాయి. అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉన్నది అక్కడే. అయితే సినిమా చూద్దామని నొక్కినప్పుడు వీఎల్‌సీ వీడియో ప్లేయర్ గుర్తయిన నారింజరంగు శంకువు పలకకపోతే, సంచి సర్దుకునే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: రాత్రి పనిచేసిన ప్రోగ్రామ్‌లో పొద్దుటికి మారిందేమిటి? అప్‌డేట్ వస్తే తప్ప ప్రోగ్రామ్ ఫైళ్లు సాధారణంగా మారవు. వాడేకొద్దీ మారేవి, అది తనకోసం రాసుకునే సెట్టింగుల చిట్టాలు. కాబట్టి ముందుగా అనుమానించాల్సింది ప్రోగ్రామ్‌ని కాదు, దాని జ్ఞాపకాన్ని. ఇది నమ్మాలంటే వీఎల్‌సీ ఎలా నిద్రలేస్తుందో చూడాలి.

దీని పుట్టుక 1996లో, ఎకోల్ సెంట్రాల్ పారిస్ ఇంజినీరింగ్ కళాశాలలో. ఉపగ్రహ టీవీ ప్రసారాన్ని క్యాంపస్ నెట్‌వర్క్ మీదుగా ప్రతి కంప్యూటర్‌కూ పంపాలన్నది విద్యార్థుల పని. పంపేది సర్వర్, అందుకునేది వీడియోలాన్ క్లయింట్. ఆ పేరుకు పొట్టిరూపమే వీఎల్‌సీ. ఎలాంటి ప్రసారం వచ్చినా, ఎలాంటి యంత్రం మీదైనా ఆడాలి కనుక, నడుమ చిన్న కేంద్రం, చుట్టూ వందల మాడ్యూళ్లు అన్న పద్ధతి దీనికి బాగా కుదిరింది. ఫైల్ చదవడానికి ఒకటి, బొమ్మనూ శబ్దాన్నీ విడదీయడానికి ఒకటి, వాటి సంకేతాలు విప్పడానికి ఇంకొకటి, తెరమీద చూపడానికి మరొకటి. చివరికి మనం చూసే బటన్ల కిటికీ కూడా ఒక మాడ్యూలే.

ఏ పనికి ఏ మాడ్యూల్‌ని పిలవాలో కేంద్రానికి ముందుగా తెలియదు. ఇందులోని తెలివి అంతా అక్కడే ఉంది. సికింద్రాబాద్ స్టేషన్ బయట ఆటో అడిగినట్టే అడుగుతుంది. ప్రతి మాడ్యూల్ తాను చేయగల పనినీ, ఆ పనిలో తనకున్న మార్కులనూ ముందే చెప్పి ఉంచుతుంది. కేంద్రం ఎక్కువ మార్కులున్నదాన్ని మొదట అడుగుతుంది. అది ‘రాను’ అంటే తర్వాతిదాన్ని, అదీ కాదంటే ఆ వెనకదాన్ని. అందుకే ఏ రకం ఫైల్ ఇచ్చినా చాలాసార్లు ఎలాగోలా ఆడుతుంది. చిక్కల్లా ‘వస్తా’ అని ఒప్పుకుని దారిలో కూలిపోయే మాడ్యూల్‌తోనే. మాడ్యూళ్లన్నీ ఒకే ప్రాసెస్‌లో బతుకుతాయి కనుక ఒకటి కూలితే అన్నీ కూలతాయి. గ్రాఫిక్స్ డ్రైవర్ మారిపోయినా చిట్టాలోని పాత సెట్టింగ్ పాత దారినే కోరుతుంటే, అలాంటి ప్రమాదానికి తలుపు తెరిచినట్టే.

ఇంకో రకం చిక్కు మరీ తమాషాగా ఉంటుంది. విండోస్‌లో వీడియో ఫైల్ మీద రెండుసార్లు నొక్కితే వీఎల్‌సీ లేచి, తనలాంటిది ఇప్పటికే నడుస్తోందా అని చూస్తుంది. నడుస్తుంటే ఆ ఫైల్‌ని దాని చేతిలో పెట్టి తాను తప్పుకుంటుంది. మామూలుగా సెట్టింగ్ అలాగే ఉంటుంది. పది వీడియోలు నొక్కితే పది కిటికీలు పరుచుకోకుండా ఉండాలన్నది ఉద్దేశం. కానీ నిన్నటి వీఎల్‌సీ కిటికీ మూసేశాక కూడా లోపల కొన ఊపిరితో వేలాడుతుంటే? కొత్తది ఫైల్‌ని ఆ బిగుసుకుపోయినదానికి అప్పగించి వెళ్లిపోతుంది. మనకు ‘ఓపెన్ కావడం లేదు’ అనిపిస్తుంది. నిజానికి ఓపెనైంది, అప్పగింత చేసింది, వెళ్లిపోయింది.

తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే సరిపోదా అనవచ్చు. మాడ్యూల్ ఉండే డీఎల్‌ఎల్ ఫైల్ పాడైనప్పుడు అదే సరైన మందు. కానీ సెట్టింగుల చిట్టా ప్రోగ్రామ్ ఫోల్డర్‌లో ఉండదు. యాప్‌డేటా కింద, వీఎల్‌సీఆర్‌సీ అనే ఫైల్‌లో ఉంటుంది. తుడవమని విడిగా చెప్పకపోతే అది మిగిలిపోయి, కొత్త ప్రోగ్రామ్‌కి పాత జబ్బు అంటిస్తుంది. ఫార్మాట్ కొట్టిస్తే బాగుపడింది కదా అనేవారికీ జవాబు ఇదే: ఫార్మాట్‌లో ఆ చిట్టా కూడా పోయింది. ఎలుక కోసం ఇల్లు తగలబెట్టినా ఎలుక పోతుంది! సంకేతాలు విప్పే కోడెక్‌ల ప్యాక్ వేయమనే సలహా అయితే అసలు అతకదు, వీఎల్‌సీ తన కోడెక్‌లను తానే మోసుకొస్తుంది. పైగా తిరిగి దించుకోవడమూ ఎప్పుడూ సులువు కాదు. 2022 ఫిబ్రవరి నుంచి నవంబరు దాకా వీఎల్‌సీని తయారుచేసే వీడియోలాన్ సంస్థ సైట్ మన దేశంలో బ్లాక్ అయి ఉంది. డిజిటల్ హక్కుల సంస్థ ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ సాయంతో వీడియోలాన్ న్యాయపోరాటానికి దిగాకే ఆ అడ్డు తొలగింది. అలాంటప్పుడు ఊరూపేరూ లేని సైట్ నుంచి దించుకుంటే వీఎల్‌సీతో పాటు ఇంకేం వస్తుందో ఎవరికెరుక?

అందుకని వరస ఇలా పెట్టుకోండి. ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో వేలాడుతున్న వీఎల్‌సీ ఉంటే ముగించండి. కుదరకపోతే స్టార్ట్ మెనూలో వీడియోలాన్ కింద, ప్రిఫరెన్సులనూ క్యాష్ ఫైళ్లనూ రీసెట్ చేసే షార్ట్‌కట్ ఉంటుంది, దాన్ని నొక్కండి. అప్పటికీ పలకకపోతే వీడియోలాన్ సొంత సైట్ నుంచే మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. పార్క్‌లేన్ ఎక్కడికీ పోదు, ఈ మూడూ అయ్యాకే బయల్దేరండి.