అపహరణ కథాచిత్రాలు: థియేటర్ నుంచి ఇంటి తెర వరకు

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• అపహరణ కథలో ఉత్కంఠ దేనిమీద ఆధారపడుతుందో వివరించగలుగుతారు.
• వీడియో ప్రతిలో సినిమా ఎలా మారుతుందో లెక్కకట్టి చెప్పగలుగుతారు.
• మీరు చూసిన ప్రతిని సరిగా పేర్కొంటూ సమీక్ష రాయగలుగుతారు.

7.1 ఉపోద్ఘాతం

కదిరిలో ఉన్నా, రాయదుర్గంలో ఉన్నా, మడకశిర దగ్గరి పల్లెలో ఉన్నా, మీలో చాలామంది 1990ల నాటి సినిమాలను థియేటర్‌లో చూసి ఉండరు. టీవీలోనో, వీసీడీలోనో, ఫోన్‌లోనో చూసి ఉంటారు. మీ పెద్దవాళ్ల తరం వీడియో డెక్కు అద్దెకు తెచ్చుకొని రాత్రంతా వరుసగా సినిమాలు చూసింది. కాబట్టి పాత సినిమా గురించి రాసే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: దర్శకుడు చూపించదలచినదంతా నేను చూశానా? అపహరణ కథాచిత్రాల విషయంలో ఈ ప్రశ్న మరీ ముఖ్యం. ఎందుకో చూద్దాం.

7.2 బందీ కథ ఎలా పనిచేస్తుంది?

ఇలాంటి కథలో మూడు పక్షాలు ఉంటాయి: బంధించినవాడు, బందీ, వెల చెల్లించవలసినవాడు. వీరి మధ్య ఒక గడువు ఉంటుంది. బందీ ప్రాణానికి ఎవరు ఎంత విలువ కడతారన్నదే అసలు ప్రశ్న.

1992లో మణిరత్నం తీసిన తమిళ చిత్రం ‘రోజా’ తెలుగులోకి అనువాదమై వచ్చింది. అంతకు ముందు ఏడాది కాశ్మీర్‌లో ఇండియన్ ఆయిల్ అధికారి కె. దొరైస్వామి అపహరణకు గురయ్యారు. సినిమాలోనూ ఉగ్రవాదులు తమ నాయకుడి విడుదలను వెలగా అడుగుతారు. భర్త ప్రాణం ముఖ్యమని భార్య, దేశం ముఖ్యమని భర్త అనుకోవడం దగ్గర సంఘర్షణ పుడుతుంది.

1993లో వచ్చిన ‘మనీ’ ఇదే సూత్రాన్ని తిరగవేసింది. శివనాగేశ్వరరావు దర్శకత్వం వహించిన ఈ చిత్రానికి రామ్‌గోపాల్ వర్మ నిర్మాత. ఉద్యోగం లేని ఇద్దరు యువకులు (జె.డి. చక్రవర్తి, చిన్నా) ఒక ధనవంతుడి భార్యను (జయసుధ) అపహరిస్తారు. భర్తకు (పరేశ్ రావల్) మాత్రం ఆమె తిరిగి రావడం ఇష్టం లేదు! 1986 నాటి హాలీవుడ్ చిత్రం ‘రూత్‌లెస్ పీపుల్’లోనూ ఇదే సూత్రం కనిపిస్తుంది. ఇంకా వెనక్కి వెళ్తే, 1907 నాటి ఓ. హెన్రీ కథ ఒకదానిలో, అల్లరి పిల్లవాణ్ణి ఎత్తుకుపోయినవాళ్లే చివరికి తండ్రికి ఎదురు డబ్బిచ్చి అతన్ని వదిలించుకుంటారు. వెల చెల్లించవలసినవాడు వద్దన్న క్షణంలో భయం హాస్యంగా మారుతుంది. ఆ హాస్యం కిందే ఒక చేదు నిజం కూడా బయటపడుతుంది: ఆ ఇంట్లో ఆమె విలువ ఎంత?

7.3 ఇంటికి వచ్చే దారిలో ఏం మారుతుంది?

(అ) వెడల్పు: తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’. స్కోప్ తెర వెడల్పు, ఎత్తుకు సుమారు 2.35 రెట్లు. పాత టీవీలో అది 1.33 రెట్లు మాత్రమే. టీవీ తెర నిండేలా బొమ్మను కత్తిరిస్తే వెడల్పులో దాదాపు 43 శాతం పోతుంది. ఒక అంచున బందీ, మరో అంచున తుపాకీ పట్టుకున్నవాడు ఉన్న దృశ్యంలో ఇద్దరిలో ఒకరే మిగులుతారు. పైనా కిందా నల్లని పట్టీలు వదిలిన ప్రతిలో బొమ్మ చిన్నదైనా, ఇద్దరూ ఉంటారు.

(ఆ) సమయం: ఫిల్మ్ సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తుంది. మన దేశంలో వాడిన పాల్ టీవీ విధానంలో సెకనుకు 25 ఫ్రేములు. ఆ వేగంతో వీడియోకు మార్చితే 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లో అయిపోతుంది. అనంతపురం జిల్లా తాడిపత్రిలో పుట్టిన దర్శకుడు కె.వి. రెడ్డి ఏ దృశ్యం ఎంతసేపు నడవాలో ముందే కొలుచుకునేవారని పేరు. నిరీక్షణే ప్రాణమైన అపహరణ కథలో ఆ కొలత మరీ అవసరం.

(ఇ) చీకటి: వీసీడీ ప్రమాణం 1993లో, అంటే ‘మనీ’ వచ్చిన ఏడాదే రూపొందింది. వీసీడీ బొమ్మలో 352 × 288 చుక్కలు ఉంటాయి. తరువాత వచ్చిన డీవీడీలో 720 × 576, అంటే దాదాపు నాలుగు రెట్లు. వీసీడీలో చీకటి గది దృశ్యాలు గళ్లుగళ్లుగా విడిపోతాయి. బందీలను దాచేది ఎక్కువగా చీకటి గదుల్లోనే!

(ఈ) విరామం: ఒక వీసీడీలో పట్టేది సుమారు 74 నిమిషాలు. అందుకే సినిమాను రెండు, కొన్నిసార్లు మూడు డిస్కులుగా ఇచ్చేవారు. దర్శకుడు ఎంచుకున్న చోట ఇంటర్వెల్ వస్తుంది. డిస్కు మాత్రం నిండిన చోటే ఆగుతుంది. ఫోన్‌లో బెదిరింపు సగంలో ఉండగా లేచి డిస్కు మార్చవలసివస్తే ఉత్కంఠ ఏమవుతుందో ఊహించండి.

7.4 అయినా ఈ ప్రతులు ఎందుకు అవసరం?

ఇన్ని లోపాలున్నాయని వీడియో ప్రతులను తోసిపుచ్చకూడదు. 1921 నాటి మూకీ చిత్రం ‘భీష్మ ప్రతిజ్ఞ’ నేడు మనకు దొరకదు. మంచి ఫిల్మ్ ప్రింటు మిగలని సినిమాకు పాత క్యాసెట్టే ఆధారం కావచ్చు. అయితే వేడి, దుమ్ము టేపును పాడుచేస్తాయి. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే పడే అనంతపురం పీఠభూమిలో ఈ రెంటికీ కొదవ లేదు. మూతపడిన వీడియో షాపుల అటకల మీద క్యాసెట్లు ఉంటే, వాటిని పారవేయకముందే పేర్లు రాసి ఉంచడం కూడా సినిమా చరిత్రకు చేసే సేవే.

7.5 సారాంశం

వెల, గడువు, బందీకీ బంధించినవాడికీ మధ్య దూరం – ఈ మూడింటి మీద అపహరణ కథ నిలుస్తుంది. వీడియో ప్రతి గడువును కుదించగలదు, దూరాన్ని కత్తిరించగలదు. కాబట్టి సమీక్షలో సినిమా పేరు, విడుదలైన ఏడాదితో పాటు మీరు చూసిన ప్రతి ఏ రకానిదో, నిడివి ఎంతో, తెర ఆకారం ఏమిటో తప్పక రాయండి. ‘ఈ దృశ్యం బలహీనంగా ఉంది’ అని తీర్పు చెప్పే ముందు ఆ బలహీనత దర్శకుడిదో, ప్రతిదో తేల్చుకోండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ‘రోజా’, ‘మనీ’ చిత్రాలలో వెల చెల్లించవలసిన పక్షం ఎలా ప్రవర్తిస్తుందో పోల్చండి.
2. 175 నిమిషాల సినిమాను సెకనుకు 25 ఫ్రేముల వేగంతో వీడియోకు మార్చితే నిడివి ఎంత అవుతుంది?
3. మీ ఊళ్లో వీడియో డెక్కు రోజులు గుర్తున్న ఇద్దరు పెద్దలతో మాట్లాడి, అప్పట్లో సినిమా ఎలా చూసేవారో ఒక పేజీలో రాయండి.