నిద్ర లేచే కంప్యూటర్

పిల్లలూ! గోదావరి ఒడ్డున సారపాకలో కాగితపు మిల్లు ఉన్నది. కాగితం మీద పాఠం రాసి పుస్తకం మూస్తే, అది ఎక్కడికీ పోదు. పెన్‌డ్రైవ్‌లో రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. ఎందుకో తెలుసా?

పని లేనప్పుడు కంప్యూటర్ కునుకు తీస్తుంది. అప్పుడు తనకు తగిలించిన పరికరాలకు విద్యుత్తు బాగా తగ్గిస్తుంది. ఒక్కొక్కప్పుడు పూర్తిగా ఆపేస్తుంది. లేవగానే, బడిలో మాస్టారు హాజరు పిలిచినట్టు, ఎవరెవరున్నారో చూసుకుంటుంది. 2000లో వచ్చిన యు.ఎస్.బి. 2.0 నియమం ప్రకారం, విద్యుత్తు పోయి వచ్చిన పరికరం మొదట 100 మిల్లీ ఆంపియర్లకు మించి తీసుకోరాదు; అనుమతి దొరికాకనే 500 దాకా!

కంప్యూటర్ కునుకులో ఉండగా పెన్‌డ్రైవ్‌ను లాగేస్తే, అందులోకి ఇంకా చేరని పాఠం పోవచ్చు. కనుక ముందు కంప్యూటర్‌ను లేపండి. తీస్తామని చెప్పి, అది సరేనన్నాకనే తీయండి!