ముందు మొదలెట్టింది ఎవరు?

కేబుల్ వ్యాపారంలో ఉన్నన్నాళ్ళూ నెలలో మొదటి వారమంతా నాకు జనాల గుమ్మాల దగ్గరే గడిచేది. తణుకులో మా ఏరియా. బిల్లు పుస్తకం పట్టుకుని వెళ్తే డబ్బుల కంటే ముందు ఫిర్యాదులు వచ్చేవి. ఫలానా ఛానెల్లో బొమ్మ పడట్లేదు, ఫలానా దాంట్లో గీతలు వస్తున్నాయి, నిన్న రాత్రి మ్యాచ్ మధ్యలో పోయింది. సీరియళ్ళ మీద కోపం కూడా నా మీదే చూపించేవారు, అవేవో నేనే తీస్తున్నట్టు. అయితే మూడేళ్ళ పిల్లాడి నుంచి పళ్ళూడిన మామ్మగారి దాకా ఇంట్లో ప్రతి ఒక్కరూ తలా ఒక మాట అనగలిగిన కార్యక్రమం మాత్రం ఒక్కటే కనిపించింది నాకు. టామ్ అండ్ జెర్రీ.

కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి 1995లో వచ్చింది. మొదట్లో పగలంతా బొమ్మలు, రాత్రయ్యేసరికి అదే ఛానెల్లో పాత హాలీవుడ్ సినిమాలు. సరిగ్గా ఆ మారే వేళకి ఫోను మోగేది. "బాబూ, బొమ్మలు తీసేసి ఇంగ్లీషోళ్ళని పెట్టావేంటి? మావాడు అన్నం తినట్లేదు."

మా ఏరియాలో దీని మీద రెండు పార్టీలుండేవి. పిల్లలంతా ఎలుక పార్టీ. పెద్దవాళ్ళలో చాలామంది, ముఖ్యంగా ఉద్యోగాలు చేసేవాళ్ళు, పిల్లి పార్టీ. ఒక మామ్మగారు చెప్పిన కారణం నాకింకా గుర్తు. "దాని డ్యూటీ అది చేస్తోంది నాయనా. ఎలకని పట్టకపోతే ఇంటావిడ గెంటేస్తుంది. పట్టబోతే ఎలక తన్నిస్తుంది. ఎటు తిరిగినా దెబ్బలు దానికే." నేనూ పిల్లి పక్షమే, అయితే నాది పచ్చి స్వార్థం. మా కంట్రోల్ రూమ్‌లో వైర్లు కొరికింది ఎలుకలే మరి.

పిల్లలు పోట్లాడుకుంటే అమ్మలు అడిగే మొదటి ప్రశ్న "ముందు మొదలెట్టింది ఎవరు?" అని. ఈ తగువుకీ ఆ ప్రశ్న వేసి చూడాల్సిందే. వేసి చూస్తే తీర్పు ఒక్కో సినిమాకి ఒక్కో రకంగా వస్తుంది.

మొట్టమొదటిది 1940 ఫిబ్రవరిలో విడుదలైంది. పేరు 'పస్ గెట్స్ ద బూట్'. అందులో పిల్లి పేరు టామ్ కాదు, జాస్పర్. ఎలుకని సినిమాలో పేరు పెట్టి పిలవరు. జాస్పర్ ఆ ఎలుకని తోక పట్టుకుని ఆడిస్తాడు, వదిలినట్టే వదిలి మళ్ళీ లాక్కుంటాడు, గోడ మీద కలుగు బొమ్మ గీసి అది పరిగెత్తుకెళ్ళి గోడకి గుద్దుకుంటే ఆనందిస్తాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. ఈలోగా ఒక కుండీ పగులుతుంది. ఇంకొక్కటి పగిలిందంటే నిన్ను బయటికి గెంటేస్తానని పనావిడ జాస్పర్‌కి వార్నింగ్ ఇస్తుంది. ఎలుక ఆ మాట వింటుంది. అక్కడి నుంచి దాని చేతిలో ఒక గాజు గ్లాసు ఉంటే చాలు, పిల్లి బిగుసుకుపోతుంది. సామెత తిరగబడిపోయింది. కానీ ముందు మొదలెట్టింది పిల్లే, సందేహం లేదు.

ఇది తీసినవాళ్ళు విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా, ఎమ్‌జీఎమ్ కంపెనీ కార్టూన్ విభాగంలో పనిచేసే ఇద్దరు కుర్రాళ్ళు. తెర మీద వాళ్ళ పేర్లు లేవు, పై అధికారి రుడాల్ఫ్ ఐసింగ్ పేరే పడింది. కంపెనీకి దీని మీద పెద్ద ఆశలు కూడా లేవు. ఒకటి తీశారు, అయిపోయింది అనుకున్నారు. అప్పుడు టెక్సాస్‌లో సినిమా హాళ్ళ వ్యాపారంలో ఉన్న బెస్సా షార్ట్ అనే ఆవిడ నుంచి ఉత్తరం వచ్చింది, ఆ పిల్లీ ఎలుకల బొమ్మలు ఇంకా ఎప్పుడు పంపిస్తారని. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు భలే సంతోషం వేసింది. జనం ఏమంటున్నారో గుమ్మం దగ్గర నిలబడి విన్న మనిషి మాటే చివరికి పనికొచ్చింది కదా అని. ఆ సినిమా ఆస్కార్ నామినేషన్ కూడా తెచ్చుకుంది. తర్వాత స్టూడియోలో పేర్ల పోటీ పెట్టారు. టామ్, జెర్రీ అనే పేర్లు రాసిచ్చిన యానిమేటర్ జాన్ కార్‌కి 50 డాలర్ల బహుమతి దక్కింది. 1941లో వచ్చిన రెండో సినిమా 'ద మిడ్‌నైట్ స్నాక్' నుంచి ఇవే పేర్లు.

మొదటిదాన్ని కూడా కలుపుకుంటే 1958 దాకా వీళ్ళిద్దరి సినిమాలు 114 విడుదలయ్యాయి. బార్బెరా కథ అల్లి, బొమ్మలు గీసి, దెబ్బలన్నీ కనిపెడతాడు. హన్నా ఏ దెబ్బ ఏ క్షణంలో పడాలో లెక్క కడతాడు. సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో సినిమా సుమారు ఏడు నిమిషాలంటే పది వేల పైచిలుకు ఫ్రేములన్నమాట, అంతా చేత్తో గీసిన పని. వేలు తలుపు సందులో నలిగాక టామ్ ఎన్ని ఫ్రేములు ఆగి అరవాలి అన్నది కూడా ముందే కాగితం మీద ఉంటుంది. ఆ ఆగడంలోనే మనకి నవ్వొస్తుంది. ఆ గావుకేక కూడా హన్నా సొంత గొంతే.

ఇందులో మాటలు దాదాపు ఉండవు, పని అంతా సంగీతానిదే. ఆ 114లో ఒక్కటి తప్ప అన్నిటికీ సంగీతం స్కాట్ బ్రాడ్లీ చేశాడు. ఎలుక అడుగు వేస్తే ఒక వాద్యం, పిల్లి మునివేళ్ళ మీద నడిస్తే ఇంకో వాద్యం. మా మామ్మగారికి ఇంగ్లీషు ముక్క రాకపోయినా కథ మొత్తం అర్థమయ్యేదంటే కారణం ఇదే.

పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయించిన మాస్టారు ఒకాయన మా లైన్లో ఉండేవారు. ఆయనకి ఇష్టమైనది 'ద క్యాట్ కాన్సర్టో'. 1946కి గాను ఆస్కార్ గెలిచింది. టామ్ కోటు వేసుకుని వేదిక మీద పియానో ముందు కూర్చుని లిస్ట్ అనే హంగరీ స్వరకర్త రాప్సొడీ వాయిస్తుంటాడు. పియానో లోపల నిద్రపోతున్న జెర్రీకి ఆ దెబ్బలకి మెలకువ వస్తుంది. ఇక చూడండి. మాస్టారు బిల్లు డబ్బులు లెక్కపెడుతూ అనేవారు: "ఆ పిల్లి ఎక్కడా తాళం తప్పలేదయ్యా. ఎలకే దాన్ని తప్పించాలని చూస్తోంది. చివరికి చప్పట్లు ఎవడికి? ఎలక్కి!" నిజమే. చివర్లో టామ్ అలసి కూలబడతాడు, వెలుగంతా జెర్రీ మీద పడుతుంది, అది వంగి నమస్కారం పెడుతుంది. ఆస్కార్ల దగ్గరా ఇలాగే జరిగింది. హన్నా బార్బెరాల సినిమాలకి 1943 నుంచి 1952 మధ్య ఏడు ఆస్కార్లు వచ్చాయి. ప్రతిసారీ వేదికెక్కి బొమ్మ అందుకున్నది నిర్మాతగా పేరున్న ఫ్రెడ్ క్వింబీ.

అయితే నిద్రపోతున్నవాణ్ణి లేపింది ఎవరని జెర్రీ తరఫున అడిగితే మాస్టారి దగ్గర జవాబు లేదు.

ఎలుకదే తప్పు అని గట్టిగా చెప్పదగ్గ సినిమా కావాలంటే 1944లో వచ్చిన 'ద మిలియన్ డాలర్ క్యాట్' ఉంది. టామ్‌కి పది లక్షల డాలర్ల ఆస్తి కలిసొస్తుంది. షరతు ఒకటే: ఏ ప్రాణికీ, ఆఖరికి ఎలుకకి కూడా, హాని చేయకూడదు. జెర్రీకి ఈ సంగతి తెలిసిపోతుంది. టామ్ భోజనం లాక్కుంటుంది, మంచం లాక్కుంటుంది, అన్నీ ఓర్చుకోవలసిందే. ఆఖరికి టామ్ తిరగబడి చితక్కొడుతూ, డబ్బంతా పోతోందని తెలిసినా సంతోషంగా ఉందని నోరు తెరిచి చెబుతాడు. పిల్లి పార్టీ పెద్దలకి ఈ ఒక్కటి చూపిస్తే చాలు, జన్మ తరించినట్టే.

దీనికి ఎదురు సాక్ష్యం 1941 నాటి 'ద నైట్ బిఫోర్ క్రిస్మస్'. టామ్ జెర్రీని బయట మంచులోనే ఉంచి దారి మూసేస్తాడు. వెచ్చగా కూర్చున్నా మనసు ఒప్పక మళ్ళీ వెళ్ళి, గడ్డకట్టిన ఎలుకని లోపలికి తెచ్చుకుంటాడు. ఎవరు మొదలెట్టారో తెలిసినా ఎవరి మీదా కోపం రాదు. నా ఉద్దేశంలో ఈ బొమ్మలకి బలం అక్కడే ఉంది. తప్పు ఎప్పుడూ ఒకడి నెత్తిన కూర్చోదు.

మరి దెబ్బల సంగతి? మా లైన్లో ఒక టీచరమ్మగారు ఉండేవారు. వాళ్ళబ్బాయి చెల్లెల్ని అప్పడాల కర్రతో కొట్టాడని, తన ఇంటికి ఆ ఛానెల్ ఆపెయ్యమని అడిగారు. ఒక్క ఇంటికి ఒక్క ఛానెల్ ఆపడం ఆ రోజుల్లో మాకు కుదిరేది కాదు. ఆవిడ బాధ తీసిపారేసేది కాదు. 'ద టూ మౌస్కెటీర్స్' చివర్లో టామ్ తల నరికే యంత్రం పాలవుతాడు. తెర మీద చూపించరు, అర్థమయ్యేలా చెబుతారు, అంతే. దానికీ ఆస్కార్ వచ్చింది.

ఆవిడ కోరిక అమెరికాలో ఒకసారి తీరింది కూడా. అక్కడ పిల్లల టీవీలో హింస వద్దన్న పట్టుదల పెరిగిన రోజుల్లో, 1975లో, హన్నా బార్బెరాల సొంత కంపెనీయే కొత్త టామ్ అండ్ జెర్రీ తీసింది. ఇద్దరూ స్నేహితులు. జెర్రీ మెడలో ఎర్ర బో టై. కలిసి ఊళ్ళు తిరుగుతారు, ఆటల పోటీల్లో పాల్గొంటారు. ఒకడి మీద ఒకడు చెయ్యి వెయ్యడు. ఉప్పు లేని పప్పు. బో టై కట్టుకున్న ఎలుక కనిపిస్తే రిమోట్ పక్కన పెట్టి ఆడుకోవడానికి వెళ్ళిపోయిన పిల్లల్ని నేను చూశాను. మొదలెట్టేవాడే లేకపోతే చూడ్డానికి ఏముంది?

పిల్లలు అసలుదీ నకిలీదీ ఇట్టే పట్టేసేవారు. ఎమ్‌జీఎమ్ 1957లో కార్టూన్ విభాగం మూసేసింది. పాతవే మళ్ళీ విడుదల చేసినా డబ్బులు వస్తున్నప్పుడు కొత్తవెందుకు అని లెక్కలు చూసుకున్నారు. తర్వాత మనసు మారి, 1961, 62ల్లో జీన్ డైచ్ అనే దర్శకుడి చేత ప్రాగ్ నగరంలో చవగ్గా 13 సినిమాలు తీయించారు. కదలిక కుదుపుగా ఉంటుంది, శబ్దాలు నూతిలోంచి వస్తున్నట్టుంటాయి, యజమాని టామ్‌ని కొట్టే తీరు చూస్తే నవ్వు రాదు, భయమేస్తుంది. "అంకుల్, ఇవాళ దొంగ టామ్ వేశారు" అని పిల్లలు నన్నే నిలదీసేవారు. ఆ పైన చక్ జోన్స్ 34 తీశాడు. బొమ్మలు చూడముచ్చటగానే ఉంటాయి, టామ్ కనుబొమలు మాత్రం మరీ దట్టం.

కొన్ని అభ్యంతరాలు మా ఊరి గుమ్మాల దాకా రాలేదు. పనావిడ విషయం అలాంటిది. మనకి కాళ్ళూ చేతులూ తప్ప ఆవిడ ముఖం దాదాపు కనిపించదు, గొంతు వినిపిస్తుంది. మాకు ఆవిడ 'ఆ లావు కాళ్ళావిడ', అంతే. అమెరికాలో ఆవిడ నల్లజాతి పనిమనిషి. ఆ యాస, ఆ చీపురు, ఆ కోపం అన్నీ నల్లజాతి స్త్రీలని ఒకే అచ్చులో చూపించిన తీరు. లిలియన్ రాండాల్ఫ్ అనే నటి గొంతిచ్చింది. నల్లజాతి సంఘాలు అభ్యంతరం చెప్పాయి. 1952 తర్వాత సినిమాల్లో ఆవిడ లేదు. 1960ల్లో టీవీకి ఇచ్చినప్పుడు కొన్నిటిలో ఆవిడ్ని తెల్లజాతి స్త్రీగా మళ్ళీ గీయించి గొంతు మార్చారు. చెరిపేస్తే తప్పు చెయ్యనట్టే అవుతుందా? అందుకే తర్వాత డీవీడీల్లో వేరే దారి పట్టారు: ఉన్నది ఉన్నట్టు చూపించి, ఇది అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే అని ముందు రాశారు. నాకు ఇదే సబబు అనిపిస్తుంది.

ఇంకో ముచ్చట. 2006లో బ్రిటన్‌లో ఒక ప్రేక్షకుడు 'టెక్సాస్ టామ్', 'టెన్నిస్ చంప్స్' సినిమాల్లో పొగ తాగుతున్నారని ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్‌కి ఫిర్యాదు చేశాడు. అవి ప్రసారం చేసిన ఛానెల్‌వాళ్ళు పాత కార్టూన్లన్నీ తిరగేసి, పొగతాగడం గొప్పగా కనిపించే చోట్ల కత్తిరిస్తామన్నారు. ఒక్క ఫిర్యాదుకి! నా పుస్తకంలో ఎన్ని ఫిర్యాదులు పేజీలకి పేజీలు మగ్గిపోయాయో.

కథలు కూడా పుట్టేవి. చివరి సినిమాలో ఇద్దరూ రైలు పట్టాల మీద కూర్చుని చచ్చిపోతారని ఒక కాలేజీ కుర్రాడు నాతో వాదించాడు. 1956లో వచ్చిన 'బ్లూ క్యాట్ బ్లూస్' అది. ప్రేమలో ఓడిపోయి ఇద్దరూ పట్టాల మీద కూర్చోవడం, రైలు కూత వినబడటం నిజమే. కానీ అది చివరిది కాదు. ఆ తర్వాత రెండేళ్ళ పాటు వాళ్ళు మామూలుగా కొట్టుకుంటూనే ఉన్నారు.

మా లైన్‌మ్యాన్ ఈ రెండు పార్టీల్లోనూ లేడు. "నాది కుక్క పార్టీ అండి" అనేవాడు. స్పైక్ అనే ఆ బుల్‌డాగ్ ఎవరి జోలికీ వెళ్ళదు, దాని నిద్రేదో దానిది. ఈ ఇద్దరూ వచ్చి దాని మీద పడతారు. 1945కి గాను ఆస్కార్ తెచ్చుకున్న 'క్వయట్ ప్లీజ్' మొత్తం ఇదే కథ: ఇంకొక్క చప్పుడు వినిపిస్తే నీ తోలు తీస్తానని స్పైక్ టామ్‌ని బెదిరిస్తుంది, జెర్రీ ఇల్లంతా మోతెక్కిస్తుంది. మావాడు మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చిన వేళకే ఎక్కడో ఒకచోట వైరు తెగేది, ఫోను మోగేది. "నేనెవరినైనా ఏమైనా అన్నానా అండి?" అంటూ నిచ్చెన భుజానికెత్తుకునేవాడు.