ఓడ పొట్టలో దాచిన రెక్కలు

1875లో ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య తిరగడానికి సిద్ధమైన ఒక ఓడలో విచిత్రమైన ఉద్యోగం ఒకటి ఉండేది. ఆ కొలువు చేసేవాడు సముద్రం వంక చూడనక్కర్లేదు. అతని ముందు ఒక రసమట్టం ఉంటుంది. తాపీమేస్త్రీ గోడ మీద ఆనించి చూసుకుంటాడే, అదే. అందులో బుడగ ఏ పక్కకు జరిగితే దానికి తగినట్టు చేతిలోని మీట తిప్పాలి. మీట తిరగగానే నీటి ఒత్తిడితో నడిచే యంత్రాలు ఒక పెద్ద హాలును, అందులో కూర్చున్న జనంతో సహా, ఓడ ఒరిగిన దిక్కుకు ఎదురుగా వంచుతాయి. ఓడ ఎంత ఊగినా హాలు మాత్రం నేల మీద ఇల్లులా మట్టంగా ఉంటుందని లెక్క.

ఆ లెక్క హెన్రీ బెస్సెమర్‌ది. ఉక్కును చవగ్గా తీసే పద్ధతి కనిపెట్టి పేరూ డబ్బూ గడించిన ఇంజనీరు ఆయన. 1868లో కలే రేవు నుంచి డోవర్‌కు వస్తుంటే, ఉక్కును లొంగదీసిన ఆ మనిషికి పేగులు నోట్లోకి వచ్చినంత పనైంది. మామూలు మనిషైతే ఇంకెప్పుడూ ఓడెక్కనని ఒట్టేసుకునేవాడు. బెస్సెమర్ లండన్‌లోని తన ఇంటి ఆవరణలో ఆవిరి యంత్రంతో ఊగే నమూనా కట్టించి, తర్వాత ఏకంగా కంపెనీయే పెట్టాడు. సుమారు 21 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు ఉన్న హాలు; తోలు కుర్చీలు, చెక్కడపు పని చేసిన ఓక్ చెక్క, బంగారు పూత పలకలు.

1875 మే 8న ఓడ జనంతో బయలుదేరింది. హాలును కదలకుండా బిగించేశారు, యంత్రాలు ఇంకా సిద్ధం కాలేదు. కలే రేవులోకి వస్తూ వేగం తగ్గించగానే చుక్కాని మాట వినలేదు. ఓడ వెళ్ళి రేవు కట్టను గుద్దింది. అంతకు నెల ముందు ట్రయల్‌లోనూ అక్కడే గుద్దుకుంది. వాటాదారుల నమ్మకం కూడా ఆ కట్టతోపాటే కూలింది. ఊగే హాలు ఎప్పుడూ ప్రయాణికులతో ఊగనేలేదు.

ఈ కథలో అసలు పాఠం హాలులో లేదు, చుక్కానిలో ఉంది. చుక్కానికి పట్టు దొరికేది దాని పక్కనుంచి నీరు పరుగెత్తినప్పుడే. బెస్సెమర్ బయట పరుగెత్తే నీటిని వదిలేసి, లోపలున్న బరువుతో కుస్తీ పట్టాడు. ఆయన తర్వాత అరవై ఏళ్ళపాటు చాలామంది అదే పని చేశారు.

అసలు ఓడ ఎందుకు ఒరుగుతుంది? విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్ ఓడెక్కినవాళ్ళను అడిగితే డాల్ఫిన్స్ నోస్ కొండ వెనకబడగానే అడుగు కింద నేల మారిపోవడం చెబుతారు. ఓడకు ఆరు రకాల కదలికలుంటాయి. అణియం లేచి అమరం కుంగడం ఒకటి, మొత్తంగా పైకి లేచి కిందకు దిగడం మరొకటి, ఇలా. వాటిలో ఎడమకూ కుడికీ ఒరగడాన్ని నావికులు రోలింగ్ అంటారు. మనిషి కడుపును తిప్పడంలో, లారీలను పక్కకు జారవేయడంలో, ఫిరంగి గురి తప్పించడంలో దీనికి పెద్ద చేయి ఉంది. కానీ ఆరింటిలో మనం నిజంగా అదుపు చేయగలిగింది కూడా ఇదే. పొడుగాటి బల్లను ఒక కొసన పట్టి ఎత్తాలంటే నడుం విరుగుతుంది. అదే బల్లను పక్కకు వంచాలంటే ఒక చేయి చాలు. పక్కకు వంచడం ఎంత తేలికో, ఆ వంగడాన్ని ఆపడమూ అంత తేలిక.

విలియం ఫ్రూడ్ అనే ఆంగ్లేయుడు 1861లో దీనికి గణితం కట్టాడు. ప్రతి ఓడకూ ఊయలకు లాగే ఒక సొంత ఊపు కాలం ఉంటుంది. అలలు సరిగ్గా ఆ కాలానికే వచ్చి తాకితే, ఊయలను సమయం చూసి తోసినట్టే, చిన్న అల కూడా ఓడను పెద్ద కోణానికి తెస్తుంది. దానికి విరుగుడుగా ఓడ పొట్ట మలుపు దగ్గర పొడుగ్గా పలకలు బిగించమన్నాడు. బిల్జ్ కీల్ అనే ఆ పలక ఓడ ఊగినప్పుడల్లా నీటిని చిలుకుతూ ఊపును కొంత తినేస్తుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు, పాడయ్యేదేమీ లేదు. నేటికీ దాదాపు ప్రతి ఓడకూ ఉంటుంది. తెలివైన పలకే, కానీ దానికి ఎదురుదెబ్బ కొట్టడం రాదు.

నమూనా ఓడలను నీటి తొట్టిలో లాగి పరీక్షించడం కూడా ఫ్రూడ్ నేర్పిన విద్యే. మన విశాఖలో రక్షణ పరిశోధన సంస్థ వారి ఎన్‌ఎస్‌టీఎల్ ప్రయోగశాలలో కృత్రిమ అలల మధ్య నమూనా నౌకలను ఊగించి చూసే కొలను 2018లో ప్రారంభమైంది.

తర్వాతి ప్రయత్నాలు బరువుతోనే సాగాయి. జర్మనీలో హెర్మన్ ఫ్రామ్ ఓడ రెండు పక్కలా తొట్లు పెట్టి, అందులో నీరు ఊపుకు వ్యతిరేకంగా పారేలా చేశాడు. ఓటో ష్లిక్ పెద్ద గిరగిర చక్రం పెట్టాడు. అమెరికాలో ఎల్మర్ స్పెరీ ఆ చక్రానికి మోటారు తగిలించి తెలివి నేర్పాడు. దాని పరాకాష్ఠ 1932లో వచ్చిన ఇటలీ ఓడ కాంటే డి సవోయా. సుమారు 4 మీటర్ల వ్యాసం, 100 టన్నుల పైచిలుకు బరువున్న చక్రాలు దాని పొట్టలో మూడు తిరిగేవి. ప్రకటనల్లో ఊగని ఓడ అని చాటారు. నడిసముద్రంలో మాత్రం కొన్ని అలలకు ఓడ ఒరిగి, మళ్ళీ లేవడానికి జంకినట్టు అక్కడే కాసేపు వేలాడేది. అలాంటప్పుడు చక్రాలు ఆపేయక తప్పేది కాదు.

నీటినే నమ్ముకున్నవాడు జపాన్‌లో దొరికాడు. నాగసాకిలోని మిత్సుబిషి ఓడల కార్ఖానాకు చెందిన మొతోరా షింతారో 1923లో ఓడ పొట్టకు రెండు పక్కలా తిరిగే రెక్కలు బిగించాడు. చేపను చూస్తే తట్టే ఆలోచనే అది. అయితే, రెక్కను ఎప్పుడు ఎటు తిప్పాలో క్షణాల్లో తేల్చే నమ్మకమైన యంత్రం అప్పటికింకా పూర్తిగా కుదరలేదు.

దాన్ని కుదిర్చింది స్కాట్లండ్. డంబార్టన్‌లో ఓడలు కట్టే డెన్నీలు, ఎడింబరోలో హైడ్రాలిక్ యంత్రాలు చేసే బ్రౌన్ బ్రదర్స్ చేతులు కలిపారు. డెన్నీల పేరు తెలుగువాళ్ళకు తెలియకపోవచ్చు గానీ, వాళ్ళ ఓడలు మన తాతలకు తెలుసు. మన తీరం నుంచి రంగూన్‌కు కూలికి పోయినవాళ్ళను మోసిన బ్రిటిష్ ఇండియా కంపెనీకి, బర్మా నదిలో తిరిగిన ఇరావతి ఫ్లోటిల్లాకు చాలా స్టీమర్లు కట్టింది వీళ్ళే. ఆ డెక్కు ప్రయాణికులకు రెక్కలేమీ లేవు. నిమ్మకాయ వాసన చూసుకుంటూ కూర్చోవడమే. డెన్నీలకు 1883 నుంచే ఫ్రూడ్ పద్ధతిలో కట్టిన సొంత తొట్టి ఉంది. ప్రైవేటు కంపెనీ కట్టించుకున్న తొలి పరీక్ష తొట్టి అదే, ఇప్పుడది మ్యూజియం. సర్ మారిస్ డెన్నీ పట్టుదలతో తయారైన రెక్కల యంత్రం, డెన్నీ–బ్రౌన్ స్టెబిలైజర్, 1936లో ఐల్ ఆఫ్ సార్క్ అనే ఫెర్రీకి ఎక్కింది. ఇంగ్లిష్ ఛానెల్‌లోని దీవులకు తిరిగే చిన్న ఓడ అది. అంతకు అరవై ఏళ్ళ ముందు బెస్సెమర్ ఓడిపోయిన సముద్రమూ అదే.

రెక్క చేసే పని విమానం రెక్క పనే. కొద్దిగా కోణం తిప్పగానే దాని మీదుగా పారే నీరు దాన్ని పైకో కిందకో తోస్తుంది. ఎడమ రెక్క పైకి తోస్తే కుడి రెక్క కిందకు తోస్తుంది. రెండూ కలిసి స్టీరింగును రెండు చేతులతో తిప్పినట్టు ఓడను మెలిపెడతాయి. కొంచెం లెక్క కడదాం. 10 చదరపు మీటర్ల రెక్క ఉందనుకోండి. 24 నాట్ల వేగంలో, బాగా కోణం తిప్పినప్పుడు, దాని మీద సుమారు 75 టన్నుల తోపుడు పుడుతుంది. ఇంత బలాన్ని ఓడలో మోసుకెళ్ళిన బరువుతో పుట్టించాలంటే ఇటలీవాళ్ళ చక్రాలే గతి. రెక్క మాత్రం ఎలాగూ ముందుకు పోతున్న ఓడ దగ్గర అప్పు తీసుకుంటుంది.

అప్పుకు వడ్డీ ఉంది. ఈ బలం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. 12 నాట్లకు తగ్గితే 75 టన్నులు కాస్తా 19 అవుతాయి. 6 నాట్లకు 5 టన్నులు కూడా మిగలవు. మంచి వేగంలో ఊపును ఐదో వంతుకు దించగల రెక్క, నిలబడ్డ ఓడలో ఉత్త ఇనుప పలక.

ఇక ఎప్పుడు తిప్పాలన్నది. ఇక్కడే రసమట్టం మనిషి దెబ్బతినేవాడు. ఓడ ఎంత ఒరిగిందో చూసి స్పందిస్తే ఆలస్యమైపోతుంది. ఊయలను ఆపాలంటే అది కొసన నిలిచిన క్షణంలో పట్టుకుని లాభం లేదు, కింద నుంచి జోరుగా దూసుకొచ్చేటప్పుడు ఎదురు చేయి పెట్టాలి. అందుకే స్టెబిలైజర్ ప్రధానంగా కనిపెట్టేది ఒరిగిన కోణాన్ని కాదు, ఒరిగే వేగాన్ని. ఓడ సరిగ్గా నిటారుగా ఉన్నప్పుడు, చూసేవాడికి అంతా బాగానే ఉన్నట్టు అనిపించే ఆ క్షణంలో, ఒరిగే వేగం అత్యధికం. రెక్క కూడా అప్పుడే గరిష్ఠ కోణంలో ఉంటుంది. ఆ వేగాన్ని కొలిచేది అరచేతిలో పట్టేంత గిరగిర చక్రం, గైరోస్కోపు. వంద టన్నుల చక్రం చేయాల్సిన పనిలో కండబలం రెక్కకు పోయింది, గైరోకు మాత్రం కనిపెట్టి చెప్పే పని మిగిలింది.

యుద్ధకాలంలో బ్రిటిష్ నౌకాదళం స్లూప్ అనే తన చిన్న యుద్ధ నౌకలకు ఈ రెక్కలు పెట్టుకుంది, ఫిరంగి గురి కుదరడం కోసం. 1950లో పి అండ్ ఓ కంపెనీ చూసాన్ వచ్చింది. రెక్కలున్న తొలి పెద్ద సముద్ర ప్రయాణికుల ఓడ అది. బొంబాయి, కొలంబో మీదుగా తూర్పు దేశాలకు తిరిగేది. విపరీతంగా ఒరుగుతుందని పేరుపడ్డ క్వీన్ మేరీకి 1958 దాకా ఈ భాగ్యం పట్టలేదు. తీరా రెక్కలు వచ్చిన ఆ ఏడాదే జెట్ విమానాలు అట్లాంటిక్ మీద ప్రయాణికులను ఎక్కించుకోవడం మొదలుపెట్టాయి. విమానం రెక్కలతో ఓడ రెక్కలు పోటీ పడలేకపోయాయి.

ఇప్పుడు ఒక ప్రయాణికుల ఓడ బ్రిడ్జిలోకి, అంటే ఓడను నడిపే గదిలోకి, వెళ్దాం. అక్కడ ఓ మూలన స్టెబిలైజర్ ప్యానెల్. రేవు దాటి, లోతైన నీళ్ళలోకి వచ్చి, వేగం అందుకున్నాక డ్యూటీ అధికారి ఇంజన్ రూముకు చెప్పి హైడ్రాలిక్ పంపులు నడిపిస్తాడు. చుట్టుపక్కల పడవలేమీ లేవని చూసుకుని రెక్కలు బయటకు తీసే బటన్ నొక్కుతాడు. పాత డెన్నీ–బ్రౌన్ రెక్కలు సొరుగులా నేరుగా లోపలికి వెళ్ళేవి. అవి తినే చోటు ఎక్కువని తర్వాత తలుపులా మడిచి పొట్టలోని గూటిలో దాచే రెక్కలు వచ్చాయి. రెండూ పూర్తిగా తెరుచుకున్నట్టు దీపాలు వెలిగాక ఆటోలో పెడతాడు. అప్పటి నుంచి అతనికి పని లేదు, రెండు ముళ్ళు చూడటమే. ఎడమ ముల్లు పది డిగ్రీలు పైకి పోతే కుడి ముల్లు పది డిగ్రీలు కిందకు. రెండూ ఒకేవైపు నడిచినా, ఒకటి కదలక నిలిచినా ఏదో తేడా వచ్చినట్టే.

తమాషా ఏమిటంటే, రెక్కలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో తేల్చడానికి కొత్త ఓడను ప్రశాంతమైన సముద్రంలోకి తీసుకెళ్ళి, రెక్కలతోనే కావాలని ఊగిస్తారు. ఊపగలిగిన బలం ఎంతో తెలిస్తే ఆపగలిగే బలమూ తెలుస్తుంది. అద్దంలా ఉన్న నీళ్ళ మీద ఓ పెద్ద ఓడ ఒంటరిగా ఊగుతుంటే, దూరంగా వలేస్తున్న జాలరికి దానికేదో పూనకం వచ్చిందనిపించినా తప్పులేదు.

సముద్రం నెమ్మదించాక రెక్కలు ఊరికే బయట ఉంచరు. నీటికి అడ్డుపడి ఇంధనం తాగేస్తాయి. కంటైనర్ ఓడల్లో చాలావాటికి రెక్కలు లేకపోవడానికి ఒక కారణం ఇదే. పెట్టెలకు వాంతులు రావు కదా. కానీ 1998 అక్టోబరులో పసిఫిక్ తుపానులో చిక్కిన ఏపీఎల్ చైనా అనే ఓడ భయంకరంగా ఒరిగి వందల కంటైనర్లను సముద్రంలో పారేసుకుంది.

ఆగిన ఓడలో రెక్క పనికిరాదన్న లోపాన్ని గత పాతికేళ్ళలో విలాస నౌకల కోసం కొంత సరిచేశారు. లంగరు వేసి ఉన్నప్పుడు రెక్కను తెడ్డులా విసురుగా ఆడిస్తారు. నీరు పరుగెత్తకపోతే రెక్కే నీటిలో పరుగెడుతుంది. దానికి కరెంటు, పెద్ద మోటార్లు కావాలి. ధనవంతుల యాటుకు సరిపోతుంది గానీ వేలమందిని మోసే ఓడకు కుదరదు.

అందుకని పెద్ద ఓడలో ప్రయాణం చివర ఇప్పటికీ ఒకేలా ఉంటుంది. ఓడకు రేవులోకి దారి చూపే పైలట్ ఎక్కే చోటు దగ్గర పడుతుంది. రేవు గోడకు రెక్క తగలకూడదు, వెనక్కి నడిపేటప్పుడు బయట ఉండకూడదు. అధికారి ఆటో తీసేసి రెక్కలను మధ్యకు తెచ్చి, మూసే బటన్ నొక్కుతాడు. గూట్లో కుదురుకున్నట్టు రెండు దీపాలూ వెలిగాకే ముందుకు. వేగం తగ్గుతుంది. రోజంతా బల్ల మీద కదలకుండా ఉన్న కాఫీ కప్పు సాసరులో చిన్నగా చప్పుడు చేస్తుంది, లేచి నిలబడబోయిన ప్రయాణికుడు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంటాడు.