కొత్త చెయ్యి... పెద్ద బండి!

‘ఎంసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకో, బండి కొనిస్తా’ అని రెండేళ్ల కిందట ఆయన కొడుకుతో అన్నమాట నిజమే. (పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారినా మన ఇళ్లలో అది ఇంకా ఎంసెటే!) అప్పుడు ఆయన మనసులో ఉన్నది ఏదో ఒక వంద సీసీ బండి. మైలేజీ బాగా ఇస్తుంది, వాడు కాలేజీకి వెళ్లొస్తాడు, ఆదివారం రైతుబజారుకు తనకూ పనికొస్తుంది... అంతవరకే ఆలోచించాడు. తీరా ర్యాంకు వచ్చాక అబ్బాయి ఫోన్‌లో ఓ బొమ్మ చూపించాడు. నాలుగొందల సీసీకి కాస్త అటూ ఇటూగా ఉన్న స్పోర్ట్స్ బైక్. నలభై పైచిలుకు హార్స్‌పవర్. ‘కొంటే ఇదే కొను నాన్నా, లేకపోతే బస్సులోనే పోతా’ అని తేల్చేశాడు.

కూకట్‌పల్లిలో మా కాలనీలోనే జరిగిన సంగతి ఇది. ఆయన బ్యాంకు ఉద్యోగి. డబ్బు గురించి కాదు ఆయన బెంగ. ‘ఏవండీ, వాడి ఫ్రెండ్స్ అందరికీ ఉందట, మనవాడొక్కడే చిన్నబోతున్నాడు’ అని ఆవిడ ఓపక్క. ‘ఒక్కగానొక్క పిల్లాడు, కాస్త ఆలోచించరా’ అని ఊళ్లో ఉన్న తల్లి ఫోన్‌లో మరోపక్క. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి ‘సార్, మీరు బండి మీద ఊళ్లు తిరుగుతారు కదా, మీరే చెప్పండి. మొదటి బండే అంత పెద్దది కొనొచ్చా?’ అని అడిగారు.

ఠక్కున ‘వద్దు’ అనబోయి ఆగిపోయాను. ఎందుకంటే నేను నేర్చుకున్నది మా బాబాయి ఆర్ఎక్స్ 100 మీద.

కాలవ గట్టు మీద క్లచ్ వదిలితే...

1985లో మన రోడ్ల మీదికొచ్చిన బండి అది. 1996లో తయారీ ఆగిపోయినా 2018లో దాని పేరుతో తెలుగులో సినిమా వచ్చిందంటే దానిమీద మనవాళ్లకున్న మోజు అలాంటిది! ఉన్నది 98 సీసీనే. కానీ టూ స్ట్రోక్ ఇంజిను, 11 హార్స్‌పవర్, వంద కిలోలు కాస్త దాటే బరువు. మెల్లగా పోతున్నట్టే ఉండి ఒక్కసారిగా ఎగిరి దూకేది. నేను మొదటిరోజే కాలవ గట్టు మీద క్లచ్ ఒక్కసారిగా వదిలాను. బండి ముందుకు ఉరికింది, నా ఒళ్లు వెనక్కి పోయింది. పడిపోతానన్న భయంతో హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకున్నాను. అలా పట్టుకోవడంలో కుడి మణికట్టు ఇంకా తిరిగింది, రేజింగ్ ఇంకా పెరిగింది. మోకాలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ రోజు ఎదురుగా ఎడ్లబండి ఏదీ రాకపోవడం నా అదృష్టం.

ఇది నా ఒక్కడి తెలివితక్కువతనం అనుకునేవాణ్ని. కాదు. కొత్తగా నేర్చుకునే ప్రతివాళ్లూ చేసే మొదటి తప్పే ఇది. తేడా ఎక్కడొస్తుందంటే, వంద సీసీ బండి మీద ఆ తప్పు చేస్తే ఓ కుదుపు కుదిపి ఇంజిను ఆగిపోతుంది. నలభై హార్స్‌పవర్ బండి మీద అదే తప్పు చేస్తే ముందుచక్రం లేవొచ్చు, లేదంటే తేరుకునేలోపు బండి నాలుగు ఇళ్ల అవతల ఉంటుంది.

రెండో తప్పు బ్రేకు దగ్గర. ‘ముందు బ్రేకు వేశావంటే పల్టీ కొడతావ్ జాగ్రత్త’ అని మనకు పెద్దవాళ్లు నేర్పేశారు. దాంతో చాలామంది జీవితమంతా కాలి బ్రేకు మీదే బండి నడిపేస్తారు. నిజానికి బ్రేకు వేయగానే బరువంతా ముందుచక్రం మీదికి వస్తుంది, బండిని ఆపే బలం ఎక్కువగా ఉండేది అక్కడే. ముందు బ్రేకుని మెల్లగా మొదలుపెట్టి బిగిస్తూ పోవడం వేళ్లకు అలవాటు కావాలి. అదొక రోజులో వచ్చే విద్య కాదు. అలవాటు లేని చెయ్యి కంగారులో ఒక్కసారిగా నొక్కేస్తుంది.

ఇక వేగం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ అడ్డంగా కుక్క వస్తే, చూసి బ్రేకు వేయడానికి పట్టే సెకనులో 11 మీటర్లు, బ్రేకు పడ్డాక ఇంకో 12 మీటర్లు... మొత్తం మీద 23 మీటర్లలో ఆగుతామనుకోండి. 80లో వెళ్తుంటే? 46 అనుకుంటాం. కాదు, 70 దాటుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక పోయే దూరం నాలుగు రెట్లవుతుంది మరి. వంద సీసీ బండి 80కి వచ్చేసరికి హ్యాండిల్ వణుకుతుంది, చెవుల్లో గాలి హోరు. ‘చాలు నాయనా’ అని బండే చెబుతుంది. పెద్ద బండి అలా చెప్పదు. మూడో గేరులో నిమ్మళంగా 80కి చేరిపోతుంది, కుర్రాడికి 50లో పోతున్నట్టే ఉంటుంది.

లైసెన్సు ఒక్కటే!

ఇక్కడో విచిత్రం ఉంది. మన దేశంలో గేరు బండి లైసెన్సు ఒక్కటే. ఎల్ఎల్ఆర్ తీసుకుని నెలరోజులు ఆగి, ఆర్టీఏ ట్రాకు మీద వంద సీసీ బండితో కాలు కింద పెట్టకుండా ‘ఎనిమిది’ కొట్టి వచ్చిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు మర్నాడే వెయ్యి సీసీ బండి ఎక్కినా చట్టం కాదనదు. పదహారేళ్లవాళ్లకు 50 సీసీ లోపు బండి నడపొచ్చని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో ఓ మెట్టు పెట్టారు. పద్దెనిమిది దాటాక ఇక మెట్లే లేవు.

బ్రిటన్‌లో చూడండి. 17 ఏళ్లకు 125 సీసీ, 15 హార్స్‌పవర్ లోపు బండి. 19 ఏళ్లు నిండి వేరే పరీక్ష పాసైతే 47 హార్స్‌పవర్ దాకా. ఏ పరిమితీ లేని బండి కావాలంటే రెండో మెట్టు మీద రెండేళ్లు గడిపి 21 ఏళ్లకు మళ్లీ పరీక్ష రాయాలి, లేదా 24 వచ్చేదాకా ఆగాలి. ఐరోపా అంతటా 2013 నుంచి కాస్త అటూ ఇటూగా ఇదే పద్ధతి. సింగపూర్‌లో మొదట 200 సీసీ, ఏడాది తర్వాతే 400. మన దగ్గర తయారయ్యే రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 శక్తి 47 హార్స్‌పవర్. లండన్ కుర్రాడు దాన్ని ఎక్కాలంటే రెండో మెట్టు దాకా రావాలి. హైదరాబాద్ కుర్రాడికి వాళ్ల నాన్న సంతకం చాలు!

అంటే అక్కడ సర్కారు చేసే పనిని ఇక్కడ ఇంట్లోవాళ్లు చేయాలన్నమాట. అమ్మానాన్నలే లైసెన్సు అధికారులు. పద్దెనిమిది నిండని పిల్లాడికి తాళం ఇస్తే మాత్రం 2019 సవరణ తర్వాత సంగతి వేరు. ప్రమాదమైనా, మరే నేరమైనా జరిగితే తల్లిదండ్రులకే మూడేళ్ల దాకా జైలు, పాతికవేల జరిమానా పడొచ్చు.

ఇన్ని సీసీలని చెప్పలేం

‘అయితే ఎన్ని సీసీలు కొనమంటారు?’ అని అడిగారాయన. సీసీ లెక్క కొంతే నిజం. పాత బుల్లెట్ 350నే తీసుకోండి. 346 సీసీ, కానీ శక్తి 20 హార్స్‌పవర్ లోపే, బరువు దాదాపు 190 కిలోలు. వంద కిలోలకు పది హార్స్‌పవర్ చొప్పున పడుతుంది. మా బాబాయి ఆర్ఎక్స్ 100కీ దాదాపు అదే లెక్క! స్ప్లెండర్‌కి ఏడు. 2012లో వచ్చిన కేటీఎం 200 డ్యూక్‌కి పేరులో ఉన్నది రెండొందలే అయినా 25 హార్స్‌పవర్, ఒళ్లు తేలిక. బుల్లెట్ కంటే ఒకటిన్నర రెట్లు పైనే. కాబట్టి షోరూంలో ‘ఎన్ని సీసీ’ అని కాక ‘ఎన్ని హార్స్‌పవర్, ఎన్ని కిలోలు’ అని అడగాలి. బుల్లెట్‌కి ఇంకో చిక్కుంది. శక్తి తక్కువైనా ఆ బరువుని సందులో యూటర్న్ తిప్పడం బక్కపల్చటి పిల్లాడికి కష్టమే.

అబ్బాయి వాదన కూడా విన్నాను. వాడేమీ తెలివితక్కువవాడు కాదు. ‘అంకుల్, పెద్ద బండికి ఏబీఎస్ ఉంటుంది, టైర్లు వెడల్పు, డిస్కు బ్రేకులు. వంద సీసీ బండితో హైవే మీద లారీని దాటడమే రిస్కు. రేజింగ్ నా చేతిలోనే ఉంటుంది కదా’ అన్నాడు. మొదటి మాట నిజం. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి చేశారు. అంతకన్నా చిన్నవాటికి రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటుంటే చాలన్నారు. చవగ్గా వస్తుందని మరీ చిన్నబండి కొంటే మంచి బ్రేకు చేజారొచ్చు. పికప్ లేని బండితో లారీని దాటబోయి ఇరుక్కుపోవడమూ చూశాను. చిన్నబండి క్షేమం అనుకోవడం మన భ్రమే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో 44.5 శాతం ద్విచక్రవాహనాల మీద వాళ్లే. మన రోడ్ల నిండా ఉన్నవి మామూలు బండ్లే కదా!

‘నా చేతిలోనే ఉంటుంది’ అన్న మాట దగ్గరే పేచీ. ఆ చేతికి ఇంకా ఏమీ తెలియదు.

2011 సెప్టెంబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద మాజీ క్రికెట్ కెప్టెన్ అజారుద్దీన్ కొడుకు అయాజుద్దీన్ నడుపుతున్న వెయ్యి సీసీ బైక్ ప్రమాదానికి గురైంది. అతడికి 19 ఏళ్లు. వెనుక కూర్చున్న బంధువుల అబ్బాయీ దక్కలేదు. పదేళ్ల తర్వాత, 2021 సెప్టెంబరులో దుర్గం చెరువు తీగల వంతెన దగ్గర హీరో సాయి ధరమ్ తేజ్ స్పోర్ట్స్ బైక్ మీద నుంచి పడ్డారు. తలకు హెల్మెట్ ఉంది, బతికి బయటపడ్డారు. ఆ రోజు రోడ్డు మీద ఇసుక గురించే అందరూ మాట్లాడుకున్నారు. ఇసుక ఎప్పుడూ ఉంటుంది. కొత్తవాడికి అది కనిపించదు, అంతే. వాడి కళ్లు మీటరు మీదో, ఎవరు చూస్తున్నారా అనో ఉంటాయి.

చివరికి కుదిరిన బేరం

రెండు ఆదివారాలు మా వరండాలో చర్చలు నడిచాయి. వాడి తల్లి కూడా వచ్చి కూర్చుంది. ఆఖరికి ఒప్పందం కుదిరింది. ఏబీఎస్ ఉన్న 150 సీసీ బండి సెకండ్ హ్యాండ్‌ది కొంటారు. కిందపడినా గీత పడినా గుండె గుభేలుమనదు. మిగిలిన డబ్బులో కొంత మంచి హెల్మెట్‌కీ, చేతి తొడుగులకీ, చీలమండ కప్పే బూట్లకీ. కొత్త బండి మోజులో ఇవన్నీ తర్వాత చూద్దాంలే అనుకుంటాం కదా. పదివేల కిలోమీటర్లు నడిపాక పెద్ద బండి సంగతి మళ్లీ మాట్లాడుకోవాలి. అప్పుడు మాత్రం ‘వద్దు’ అనకూడదని వాడు షరతు పెట్టాడు. వాళ్ల నాన్న ఒప్పుకొన్నారు.

బండి వచ్చిన మొదటి ఆదివారం పొద్దున్నే ముగ్గురం దగ్గర్లోని ఖాళీ మైదానానికి వెళ్లాం. సుద్దముక్కతో గీత గీశాం. 40లో వచ్చి గీత దగ్గర బ్రేకు వేసి ఎంతలో ఆగుతాడో చూద్దామన్నాను. ‘అదెంత అంకుల్’ అంటూ వచ్చాడు. కాలి బ్రేకు తొక్కాడు, వెనకచక్రం పాములా ఊగింది. గీత దాటి చాలా దూరం పోయి ఆగాడు. దిగి వెనక్కి చూసుకున్నాడు. వాళ్ల నాన్న ఏమీ అనలేదు. అడుగులు లెక్కపెట్టుకుంటూ అక్కడిదాకా నడిచి వెళ్లి, చెప్పుతో నేల మీద ఓ గుర్తు పెట్టారు.

ఆ తర్వాత ఎనిమిది ఆదివారాలు వెళ్లారు. నేను రెండుసార్లే వెళ్లాను. గుర్తు గీత వైపు జరుగుతూ వచ్చిందట. ఇప్పుడు మైదానం మానేసినా ఆదివారం పొద్దున మీటరు చూసి డైరీలో రాసుకోవడం ఆయన మానలేదు. పోయిన వారం అంకె 6,840. కుర్రాడు ఫోన్‌లో బొమ్మ ఇంకా తీసేయలేదు.